తరాజుల బాబు మియా బీఏ చదువు

కరీంనగర్ గడియార స్తంభం దగ్గర తరాజులు బాగుచేసే బాబు మియా నలభై రెండేళ్ల వయసులో బీఏలో చేరాడు. ఆ మాట విని బజారంతా ముసిముసిగా నవ్వింది. నవ్వనీ. చేరిన రోజే ఆయనకు తత్వశాస్త్రం పిచ్చి పట్టింది, దానికి ఏ హకీము దగ్గరా మందు లేదు.

అసలు ఆ పిచ్చి పట్టిన తీరు వినాలి. 1986లో ఓపెన్ యూనివర్సిటీ క్లాసులు ఆదివారం పూట ఒక కాలేజీలో జరిగేవి. మొదటిరోజే బాబు మియా గది తప్పి, రెండో ఏడాది వాళ్ల నడుమ కూర్చున్నాడు. తత్వశాస్త్రం చెప్పే లక్ష్మీరాజం సారు తర్కం పాఠం నడుమ ఉన్నాడు.

"బంగారాన్ని తరాజు తూస్తది. మరి గా తరాజు సరైందని ఎట్ల తెలుస్తది? ముందే తూకం తెలిసిన బంగారం పెట్టి చూస్తం. తెలివి సంగతి గూడ గంతే. తూచేదాన్ని గూడ తూయాలె."

బాబు మియా బల్ల మీద ముందుకు వంగాడు. ఇరవై ఏళ్లుగా తన చేతులు చేసే పని ఇంత పెద్ద విద్యలో ఉందా! సంతోషంతో కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతలో హాజరు పట్టీలో పేరు లేదని తేలింది. ఆయన్ను మర్యాదగా కింది గదికి పంపారు.

తత్వశాస్త్రం రెండో ఏడాది నుంచే. మొదటి ఏడాది అందరూ సైన్సు పాసు కావాలి, అందులో భౌతికశాస్త్రం ఉంది. అది గట్టెక్కితేనే పై గది. బాబు మియా ఆ పరీక్ష తప్పాడు. ఎక్కడ తప్పాడో తెలుసా? తరాజు ప్రశ్న దగ్గరే. మోసపు తరాజును తాను వేలి మీద నిలబెట్టి పట్టేస్తానని రెండు పేజీలు రాసి వచ్చాడు, మహానుభావుడు. అందులో సూత్రమూ లేదు, లెక్కా లేదు.

"తరాజుల మియా తరాజు కాడనే తప్పిండని ఊరంత నవ్వుతుంది. జర ఇజ్జత్ చూసుకోండి," అన్నది భార్య సలీమా.

"ఇంకొక్కపారి రాస్త. గిప్పుడు రాకుంటే పుస్తకాలు నువ్వే పొయ్యిల పెట్టు."

ఆమె సరేనన్నది. అన్న మాట మీద నిలబడే మనిషని ఆయనకు బాగా తెలుసు.

ఆ ఆదివారమే ఒక తరాజు సంచిలో వేసుకుని, భౌతికశాస్త్రం చెప్పే కొండల్ సారు దగ్గరికి పోయాడు. సారుకు ఇంకా ముప్పై నిండలేదు.

"చాచా, తరాజు దండెకు సరుకు దిక్కు చెయ్యి పొడుగైతే ఏమైతది?"

"మోసమైతది సార్. తక్కువ సరుకే తూకం రాయంత తూగుతది."

"ఎంత తక్కువ?"

బాబు మియా సంచిలోంచి తరాజు తీసి దాని చెయ్యి చూశాడు. మోసాన్ని పట్టడం తెలుసు గానీ, అది ఎంతో ఏనాడూ అడిగి చూడలేదు. కొండల్ బోర్డు మీద రాసి చూపించాడు: బరువును దూరంతో హెచ్చిస్తే రెండు దిక్కులా సమానం రావాలి.

ఇంటికి వచ్చి పాత తరాజులన్నీ ముందేసుకున్నాడు. వాటి చేతులు కొలిచాడు, హెచ్చించాడు, ఆపైన తూచి చూశాడు. కాగితం మీద వచ్చిందే పళ్లెంలోనూ వచ్చింది. నమ్మకం కుదరక ఇంకోసారి చేశాడు. అంతే వచ్చింది.

"సలీమా, జర ఇటు రా. పది అంగుళాల కాడ అర అంగుళం పెరిగితే, కిలోకు నలభై ఎనిమిది గ్రాములు మాయం."

"అట్లనా? మనం కందిపప్పు కొనే దుకాణం తరాజు గూడ కొలిచి రాండి," అన్నది సలీమా. అప్పటి నుంచి పుస్తకాల మీద దుమ్ము ఆమే దులిపేది.

ఫలితాలు పేపర్లో వచ్చిన రోజు బాబు మియాకు చూసే ధైర్యం లేకపోయింది. సలీమాయే నంబర్ల మీద వేలు జరుపుతూ పోయి ఒకచోట ఆగింది. "ఉన్నది," అని పేపరు మడిచి, చాయ్ పెట్టడానికి లేచింది.

మరుసటి ఏడాది పై గదిలో, హాజరు పట్టీలో పేరున్న మనిషిగా కూర్చున్నాడు. లక్ష్మీరాజం సారు అదే పాఠానికి వచ్చి, నడుమ ఆగి ఆయన వైపు చూశాడు.

"నేనిది ఇన్నేండ్ల సంది చెప్తున్న గని, ఒక్క తరాజునన్న పరీక్ష చేసి చూడలే. బాబు మియా, తరాజుల పని నీదేనట గద, నువ్వు లేచి చెప్పు."

బాబు మియా లేచాడు. "ముందు ఖాళీ పళ్లాలు చూడాలె సార్. ముల్లు నడుమ నిలవాలె. తర్వాత రాయిని, సరుకును అటుదిటు మార్చాలె. మార్చినా ముల్లు జరగకుంటెనే నమ్మాలె."

చెప్పి తల దించుకున్నాడు. ఏం తప్పు మాట్లాడానో అనుకుంటూ తలెత్తి చూశాడు. అందరి తలలూ నోటుబుక్కుల మీదికి వంగి ఉన్నాయి.

"జర మెల్లగ చెప్పు చాచా, రాసుకుంటున్నం," అన్నది వెనుక బల్ల మీది అమ్మాయి.