మడత కలవని జంపఖానా

మా చిన్నప్పుడు... వరంగల్ కొత్తవాడలో పంజా దెబ్బలతోనే తెల్లారేది. జంపఖానా నేసేటప్పుడు పోగుల్ని కిందికి దిగగొట్టే ఇనుప పళ్ల పనిముట్టు అది.

నిజాం కాలం మాట. మా గుంట మగ్గం మీద ఎడమ పక్క నాయన, కుడి పక్క ఆయన తమ్ముడు చిన్నాయన కూర్చునేవారు. మధ్యలో పెద్ద షడ్భుజి బొమ్మ... సగం ఈయనది, సగం ఆయనది. క్రమ షడ్భుజికి ఆరు సౌష్ఠవ రేఖలుంటాయని మనవరాలి లెక్కల పుస్తకంలో చూశాను. మా సరుకు కొనే సేటుకు అన్నీ అక్కర్లేదు. జంపఖానాను నడిమికి నిలువునా మడిచేవాడు. బొమ్మ మూల మీద మూల కూర్చుంటేనే తీసుకునేవాడు.

ఒక ఏడు అన్నదమ్ములు వేరు పడదామనుకున్నారు. ఇల్లు పంచుకోవచ్చు... మగ్గం ఒక్కటే కదా! అక్కడే మాటలు తెగిపోయాయి. పక్కపక్కనే కూర్చుని, ఒకరి ముఖం ఒకరు చూడకుండా నేశారు. చిన్నాయన కోపమంతా పంజా మీదే... ఎవరి నెత్తినో మోదుతున్నట్టు కొట్టేవాడు. గోడ మట్టి రాలేది.

గట్టిగా కొట్టిన పక్క నేత బిగిసి కురచవుతుంది. బొమ్మ ఒక పక్కకు దిగజారడం ఇద్దరికీ కనబడుతూనే ఉంది... ముందు నోరు విప్పేదెవరు? వాళ్ల పౌరుషాలు మండిపోనూ!

సేటు వచ్చి మడత వేశాడు. చిన్నాయన వైపు మూల వేలెడు కిందికుంది.

"నాకద్దు, మీరే పరుసుకోండ్రి," అని విసిరికొట్టి పోయాడు.

"నీ కోపం జేయవట్టి గదరా ఇట్లయింది!" నాయన లేచాడు.

"నువ్వు మగ్గం ఇయ్యకపోతె నేనేడ బతకాలె?" చిన్నాయన పంజా ఎత్తాడు.

నాయన చెయ్యి అడ్డం పెట్టాడు. ఇనుప పళ్లు వేళ్ల మీద దిగాయి. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. రెండో చేత్తో నాయన తమ్ముడి గొంతు పట్టాడు. ఇద్దరూ మగ్గం గుంటలో పడి తన్నుకున్నారు... తెల్ల నూలంతా నెత్తురు. ఏడుస్తున్నదాన్ని దూకి చిన్నాయన భుజం కొరికి వేలాడాను. నానమ్మ బిందెడు నీళ్లు కుమ్మరిస్తే గానీ విడిపోలేదు.

చిన్నాయన డోర్నకల్ వెళ్లి రైల్వే పనిలో చేరాడు. నాయన వేళ్లు వంకరగానే అతుక్కున్నాయి, మళ్లీ పంజా పట్టలేదు. నేసేవాళ్లు లేక మగ్గం చివరికి ఇద్దరికీ దక్కలేదు.

ఎన్నో ఏళ్లకు, నాయన పోయిన రోజు చిన్నాయన వచ్చాడు. ఆ వంకర వేళ్లను తన ఒళ్లో పెట్టుకుని, ఒక్కొక్కటీ నిమురుతూ సరిచేయబోయాడు. "ఒక్కపారన్న తిట్టు అన్నా..." అని సాయంత్రం దాకా అడుగుతూనే ఉన్నాడు.

ఇప్పుడు మిషన్ జంపఖానాలు రెండు పక్కలా అచ్చు గుద్దినట్టు వస్తున్నాయి. నేయడానికి పక్కన మనిషే అక్కర్లేదు. మీ ఇళ్లలోనూ పక్కపక్కనే ఉండి మాటలు మానుకుని, మళ్లీ కలిసిన వాళ్లుంటే... ఎలా కలిశారో కింద రాయండి. మా వాళ్లు కలవలేదు.