పిచ్చుకను తీర్చిదిద్దిన మాస్టారు

మా పెదనాన్నలో చెప్పుకోదగ్గది ఒక్క చెవే. మిగతా మనిషిని తూకం వేస్తే ముక్కు మీద కోపం, పక్కవాడి ప్లేటు మీద కన్ను, వారం వారం జుట్టుకు వేసే నల్లరంగు మిగులుతాయి. వంటలో ఉప్పు సరిపోయిందా అని భార్య అడిగితే నోటితో జవాబు చెప్పడు, ప్లేటు పక్కకు నెడతాడు. ముప్పై ఏళ్లుగా అలా నెడుతూనే ఉన్నాడు. పెద్దమ్మకు ఇప్పటికీ ఉప్పు డబ్బా మూత తీయాలంటే భయం.

చెవి సంగతి వేరు. పింగాణీ కప్పుల ఫ్యాక్టరీలో చివరి బల్ల ఆయనది. బట్టీలోంచి వచ్చిన ప్రతి కప్పునూ ఎడమచేతి వేళ్ల మీద నిలబెట్టి, చిన్న కర్రపుల్లతో అంచు మీద కొట్టేవాడు. ఖంగుమంటే అట్టపెట్టెలోకి, మొద్దుగా మోగితే కింద తొట్టిలోకి. కంటికి కనపడని వెంట్రుకంత పగులు కూడా ఆయన చెవికి దొరికిపోయేది. ఒకసారి మేనేజరు గడ్డం పట్టుకుని బతిమాలినా ఒక బట్టీ సరుకు మొత్తం తొట్టిలో వేయించాడు. "పగిలిందాన్ని బాగుందని నా నోటితో చెప్పించకండి సార్" అన్నాడట. ఆ మాట ఇంట్లో వందసార్లు చెప్పుకున్నాడనుకోండి. అయినా అన్నాడు, అది నిజం.

ఆదివారాలు చర్చిలో క్వయిర్ మాస్టారు కూడా ఆయనే. అపస్వరం వినపడితే ఆయన కుడికన్ను ఇసుక పడ్డట్టు దానంతటదే మూసుకుపోయేది. నాకు పదేళ్లప్పుడు, మేం పాడుతుండగా వరస వెంట నడుస్తూ ఒక్కొక్కరి నోటి దగ్గర చెవి పెట్టాడు. నా దగ్గర కన్ను మూసుకుంది. నా పక్కన నిలబడ్డ సన్నకాళ్ల పిల్ల దగ్గర ఇంకా గట్టిగా మూసుకుంది. ఆ పిల్లను మేం పిచ్చుక అనేవాళ్లం. ఇద్దరి భుజాల మీదా వేలితో తట్టాడు.

"మీరిద్దరూ పెదాలు కదపండి చాలు. గొంతు బయటికి రాకూడదు."

ఆరేళ్లు అలాగే కదిపాం. ఆ తర్వాత పిచ్చుక వాళ్లు ఊరు వదిలి వెళ్లిపోయారు. నేనేమో ఆ తీర్పు పట్టుకుని బతికాను. నా పిల్లలకు జోలపాట పాడింది మా ఆయన, అదీ గేదె గొంతుతో. పెదనాన్న అంటే నాకు ఒళ్లుమంట. కానీ ఆ చెవి పొరబడుతుందని మాత్రం ఏనాడూ అనుకోలేదు.

వాళ్లు వెళ్లిన ఇరవై ఏళ్లకు పిచ్చుక పాట వచ్చింది. "తలుపు తీసే ఉంచావు" అని మొదలవుతుంది. పాట మొత్తంలో ఉన్నవి పన్నెండు మాటలు. వాటినే తిప్పి తిప్పి నాలుగు నిమిషాలు లాగారు. దేవుడి పాటే గానీ, చర్చి గడప తొక్కనివాళ్లు కూడా చెవులు కోసుకున్నారు. బస్సుల్లో అదే, సెలూన్లో అదే, ఆఖరికి మా ఆఫీసు లిఫ్టులోనూ అదే. పెదనాన్న మొదటిసారి మా ఇంట్లో విన్నాడు. ఒక్క చరణానికే పెదవి విరిచాడు.

"గొంతు మెషీన్లో పెట్టి సాపు చేశారు. ఈ పిల్ల నాకు తెలుసు. పై స్వరం ఎప్పుడూ అందదు, కాస్త కిందే ఆగిపోతుంది."

అది ఆయన నిజాయితీగా ఉన్న రోజు. తర్వాతి ఆదివారం పాస్టరుగారు, ఆ గాయని మన క్వయిర్ పిల్లేనని ప్రకటించారు. జనం వచ్చి పెదనాన్న చేతులు పట్టుకున్నారు. మొదటివారం ఆయన నీళ్లు నమిలాడు. రెండోవారం నవ్వాడు. మూడోవారానికి "ఆ గొంతును తీర్చిదిద్దింది నేనే" అని డబ్బా మొదలుపెట్టాడు. పాత క్వయిర్ ఫోటో పెద్దది చేయించి, పిచ్చుక తల చుట్టూ బంగారు రంగు అంచు వేయించి హాల్లో తగిలించాడు. ఆ అంచు కింద నా మొహం సగం పోయింది.

"ఆ పిల్లను పాడొద్దన్నది మీరే కదా?" అని అడిగాను.

"పాడొద్దని ఎవరన్నారే? లేత గొంతు అరిగిపోకుండా దాచిపెట్టాను."

"మరి నాది?"

"నీ సంగతి వేరులే" అని పేపరు అడ్డం పెట్టుకున్నాడు. సిగ్గు అనేది ఆ ఇంట్లోకి అడుగుపెట్టి ఎన్నేళ్లయిందో.

చర్చి వార్షికోత్సవానికి పిలిస్తే పిచ్చుక వస్తానంది. పెదనాన్న కొత్త సూటు కుట్టించుకున్నాడు. ఆ రోజు మధ్యాహ్నమే ఆమె వచ్చింది. వెంట ఒక సౌండు మనిషి, అతని చేతిలో ఒక నల్లపెట్టె. మైకు ఆ పెట్టెకు తగిలిస్తే ఎంత వంకర గొంతైనా తిన్నగా బయటికి వస్తుందట. ఆమె ఆ పెట్టెను పక్కన పెట్టించింది. కమిటీవాళ్లు, ఫోటోగ్రాఫరు, పాస్టరుగారు అందరూ చుట్టూ ఉండగానే పెదనాన్న దగ్గరికి వచ్చి నిలబడింది.

"మాస్టారూ, ఇవాళ ఉత్త గొంతుతో పాడాలని ఉంది. పాడగలనో లేదో నాకే తెలియడం లేదు. నేను దగ్గినా అద్భుతం అంటున్నారు నా చుట్టూ ఉన్నవాళ్లు. చిన్నప్పుడు మీరొక్కరే ఉన్నది ఉన్నట్టు చెప్పారు. ఇప్పుడూ అలాగే చెప్పండి. బాలేదంటే కూర్చుని నేర్చుకుంటాను."

పాడింది. పాట మూడో వరుసలో స్వరం పైకెక్కాల్సిన చోట పెదనాన్న కుడికన్ను మూసుకుపోయింది. నేను చూశాను. ఆయన కన్ను మీదే చూపు పెట్టి పాడుతున్న పిచ్చుకా చూసింది. ఆ ఒక్కమాట అనేస్తాడని ఊపిరి బిగబట్టాను. అంటే ఆయన మిగతా వెధవతనమంతా ఆ క్షణంలోనే మరిచిపోదామనుకున్నాను, ఒట్టు.

ఆయన కమిటీవాళ్ల వైపు చూశాడు. ఫోటోగ్రాఫరు వైపు చూసి టై సరిచేసుకున్నాడు.

"అద్భుతం తల్లీ! వంక పెట్టడానికే లేదు. నా కష్టం వృథా పోలేదు."

అందరూ చప్పట్లు కొట్టారు. పిచ్చుక ఆయన మొహం వైపు చూసింది. "సరే మాస్టారూ" అంది. తర్వాత సౌండు మనిషి వైపు తిరిగింది.

"పెట్టె తగిలించు."

నన్ను దాటి వెళ్తూ ఆగింది. "ఈయన కోసమే వచ్చానే. లేకపోతే ఈ ఊళ్లో నాకేం పని?" అంది మెల్లగా.

సాయంత్రం పాట సూదిలో దారం ఎక్కించినట్టు తిన్నగా సాగింది. జనం లేచి నిలబడ్డారు. ఆమె మైకులో మాస్టారి పేరు చెప్పింది, చెప్పక తప్పదు కాబట్టి. పెదనాన్న జ్ఞాపిక అందుకుని మూడువైపులా తిరిగి ఫోటోలకు నిలబడ్డాడు. దిగివచ్చి నా పక్కన కూర్చుని, చెవి దగ్గరికి వంగాడు.

"మధ్యాహ్నం మూడో వరుసలో కిందే ఆగిపోయింది. గమనించావా? ఈ వయసులోనూ నా చెవి చెక్కుచెదరలేదు."

"ఆ మాట ఆవిడకే చెప్పాల్సింది."

"పిచ్చిదానా! అంతమంది ముందు చెబితే నా పరువేం కావాలి?"

ఆయన బతుకంతటిలో ఆ చెవిని వెతుక్కుంటూ వచ్చిన మనిషి ఆమె ఒక్కతే. ఆ సంగతి చెబుదామని నోరు తెరిచాను. అప్పటికే ఆయన లేచి, నా ఒళ్లో జ్ఞాపిక పడేసి, ఫోటోలు ఎప్పుడిస్తావని అడగడానికి ఫోటోగ్రాఫరు వెనకాల పరుగెడుతున్నాడు.