కంబన్న గోలుకు కర్పూర ప్రమాణం

ఆత్మకూరు ఫుట్‌బాల్ జట్టులో గోల్‌పోస్టుల కంటే పాతవాడు కంబన్న. వేళాకోళానికి అంటున్న మాట కాదు. పోస్టులకు చెదలు పట్టి రెండుసార్లు మార్చారు, కంబన్నను మార్చలేదు. ఇరవై రెండేళ్లు ఆయన బ్యాక్ ఆడాడు. ఆ ఇరవై రెండేళ్లూ నేను, అంగడి కేశవయ్యను, గొడుగు పట్టుకుని గీత పక్కన నిలబడి చూశాను. పొట్ట వచ్చిందనీ, పరుగెత్తలేడనీ నవ్విన మహానుభావులు ఊళ్లో చాలామంది ఉన్నారు. వాళ్ల నోట్లో మన్ను పడ! ఆయన పరుగెత్తాల్సిన అవసరమేమిటి? వచ్చేవాడు ఎలాగూ ఆయన దగ్గరికే రావాలి కదా.

ఆయన తాలూకాఫీసులో బంట్రోతు. తాసిల్దారు గది వాకిట్లో నిలబడి, అర్జీ పట్టుకొచ్చిన ఏ ఆసామినీ లోపలికి పోనివ్వకపోవడం ఆ ఉద్యోగం. సాయంత్రం మైదానంలోనూ అదే పని. ఎదుటివాడు బంతితో దూసుకొస్తే కంబన్న ఒక కాలు ముందుకు పెట్టి, "యాడికప్పా పోతాండావు? ఈడ దావ లేదు, రేపు రా" అనేవాడు. ఆఫీసులో ఆ గొంతుకు అలవాటుపడ్డ ప్రాణాలు కాబట్టి సగంమంది నిజంగానే ఆగిపోయేవారు. ఆగనివాళ్లు పొట్టకు తగిలి పడేవారు.

అంత గొప్ప ఆటగాడికి ఒక్కటే లోటు. ఇరవై రెండేళ్లలో ఒక్క గోలు కొట్టలేదు. "బ్యాక్ ఆడేవాడు గోలు కొడతాడా?" అని నేను అందరితో పోట్లాడేవాణ్ణి గానీ, లోలోపల నాకూ ఆ కొరత ఉండేది. ఆయనకూ ఉందని పంతొమ్మిది వందల యాభై ఐదు ఎండాకాలంలో తెలిసింది. మోకాళ్లు ఇక సహకరించవనీ, బనగానపల్లె జట్టుతో ఆడబోయేదే చివరి ఆటనీ అందరికీ చెప్పేశాడు. ముందురోజు మా అంగడికొచ్చి, వక్కపొడి నోట్లో వేసుకుంటూ, "సెట్టీ, పోయే ముందర ఒక్కటి కొట్టల్ల. ఒక్కటంటే ఒక్కటి" అన్నాడు.

ఆ గొంతు విని అప్పటికప్పుడు అహోబిలం నరసింహస్వామికి మొక్కుకున్నాను. మా ఆవిడ రాజ్యలక్ష్మమ్మ విని, "కూతురి కాన్పుకు మొక్కలేదు గానీ, బంట్రోతు గోలుకు మొక్కుతాండారా! మీ బుద్ధికో దండం" అంది.

మర్నాడు ఆట ముగియవచ్చింది. ఇరువైపులా గోలు లేదు. మాకు కార్నర్ వచ్చింది. అప్పుడు కంబన్న, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, మైదానం నడిమి గీత దాటి ఎదుటివాళ్ల గోలు దగ్గరికి నడిచాడు. నేను గొడుగు మూసి పరుగెత్తి ఆ పోస్టు పక్కకు చేరాను. బంతి పైకి లేచింది, దానితోపాటే సుడిగాలీ లేచింది. మైదానమంతా దుమ్ము. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. బంతి కంబన్న ఎడమ చేతికి, మణికట్టు దగ్గర, తగిలి పోస్టుల నడుమ దూరిపోయింది.

రెఫరీ ఈల ఊదాడు. ఆయన కొత్త రాజధాని కర్నూలులో డేరాలో కాపురముంటున్న సర్కారు గుమాస్తా, కోస్తా మనిషి. "గోలండీ!" అన్నాడు. మావాళ్లు కంబన్నను భుజాల మీదికి ఎత్తబోయి, ఎత్తలేక వదిలేశారు. ఆయన ముఖం చూడాలి! మీసాల కింద నవ్వు ఆగడం లేదు.

బనగానపల్లె కెప్టెన్ కరీంసాబు మాత్రం "చెయ్యి తగిలినాది!" అని అడ్డం పడ్డాడు. తగల్లేదని మావాళ్లు. నిజానికి ఎవరికీ ఏమీ కనపడలేదు. రెఫరీకి అసలే కనపడలేదు, ఆయన కళ్లజోడు తుడుచుకుంటున్నాడు.

"చూసినోడు ఒక్కడే," అన్నాడు కరీంసాబు నన్ను చూపించి. "కేశవయ్య సెట్టి. ఆయప్ప నరసింహసామి ముందర కర్పూరం ఆర్పి తగల్లేదంటే, మేము నోరు మూసుకుని బస్సెక్కుతాము."

"ఫుట్‌బాలుకు ప్రమాణమేమిటండీ! రూల్సులో లేదండీ!" అంటూ రెఫరీ ఈల ఊదుతూనే ఉన్నాడు. ఎవరు వినిపించుకుంటారు? పొలం గట్టు తగాదా అయినా, కోడిపెట్ట పోయినా, మా సీమలో ఆఖరి మాట కర్పూరానిదే. వెలిగే కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి చెప్పిన మాటకు తిరుగు లేదు. అబద్ధం చెప్పి ఆర్పినవాడికి కళ్లు పోతాయి.

స్వామి పటం వాళ్లు వచ్చిన బస్సులోనే, డ్రైవరు ముందర ఉంది. కర్పూరం మా అంగట్లోది. రాజ్యలక్ష్మమ్మ ఎందుకని అడక్కుండా ఇచ్చి పంపిందట. అడిగుంటే నా గతి వేరుగా ఉండేది. పటాన్ని బస్సు బానెట్టు మీద పెట్టి కర్పూరం వెలిగించారు.

మొక్కిందీ ఆయనకే, అబద్ధమాడబోయేదీ ఆయన ముందరే. పక్కకు చూస్తే కంబన్న తల వంచుకుని నిలబడ్డాడు. ఇందాకటి నవ్వు లేదు. ఆ ముఖం చూడలేకపోయాను. పోతే పోనీ కళ్లు, ఇంక చూడాల్సిందేముంది అనుకున్నాను. చెయ్యి చాపి, గుటక మింగి, "సామి సాక్షిగా..." అన్నాను.

నా చేతి కిందికి ఇంకో చెయ్యి దూరింది. కంబన్న ఎడమ అరచెయ్యి కర్పూరం మీద పడి మంటను ఆర్పేసింది.

"తగిలినాదప్పా," అన్నాడు. "ఈ చేతికే. గోలు కాదు."

కరీంసాబు తెల్లబోయాడు. రెఫరీ నోట్లోంచి ఈల జారిపడింది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. "నేను చెప్తాండా కదా! నడుమ నీకేం తొందర?" అని కసిరాను.

"అబద్ధం చెప్పేటోడు ముందర గుటక మింగుతాడు సెట్టీ. ఎంతమంది అర్జీదార్లను చూడలేదు నేను," అన్నాడు కాలిన చేతిని నిక్కరుకు తుడుచుకుంటూ. "నా ఆట మొదట్నుంచీ చూసినోడివి నువ్వొక్కనివే. గోలు లేకపోతే పాయె. నీ కండ్లు పోతే నాకేం మిగుల్తాది?"

పరాయి ఊరి జట్టు చూస్తుండగా, యాభై ఏళ్లకు దగ్గరపడ్డ మనిషిని, ఆ బస్సుకు ఆనుకుని వలవలా ఏడ్చాను. రెఫరీ సున్నాకు సున్నా అని రాసుకున్నాడు.

ఇప్పటికీ ఊళ్లో కొందరు ఎగతాళికి, "సెట్టీ, మీ కంబన్న మొత్తం ఎన్ని గోల్సు కొట్టినాడు?" అని అడుగుతారు.

"ఒక్కటీ కొట్టలేదు," అంటాను. "నా కండ్లారా చూసినా."