నడుము మీద మచ్చ

రెండువేల ఎనిమిదో తొమ్మిదో, సరిగా గుర్తు లేదు. ఒమాన్‌లోని మబేలాలో మా వీధిలోనే ఒక ఒమానీల ఇంట్లో కడప నుంచి వచ్చిన ఆమె పని చేసేది. కొట్టు దగ్గర కనబడితే చాలు, తెలుగులో మాట్లాడాలని నన్ను ఎండలో నిలబెట్టేసేది. నాకసలే ఓపిక తక్కువ. విసుక్కుంటూనే వినేదాన్ని.

ఒకరోజు ఆ ఇంటి యజమానురాలు, ఆమె 'మామా' అని పిలిచే పెద్దావిడ, మా తలుపు కొట్టింది. పనామెను ఆసుపత్రిలో చేర్చారట. డాక్టరు చెప్పేది ఆమెకు అర్థం కావడం లేదట, నన్ను రమ్మంది.

సర్జన్ ఈజిప్టు ఆయన. ఎక్స్‌రే వెలుతురులో పెట్టి చూపించాడు. ఎడమ కిడ్నీ నిండా రాయి, జింక కొమ్ములా పాయలు పాయలుగా పెరిగింది అన్నాడు. ఆమె తలెత్తి చూసి "అల్లం కొమ్ము మాదిరుండాదే" అంది. నిజంగానే అలా ఉంది.

కిడ్నీ ఇప్పటికే బాగా దెబ్బతింది, రెండోది బాగుంది కనుక దీన్ని తీసేస్తే ఒక్క ఆపరేషన్‌తో పోతుందన్నాడు డాక్టరు. ఉంచుకోవాలంటే వీపులో రంధ్రం చేసి రాయిని పగలగొట్టి తీయాలి. ఒక్కసారితో అవదు. రక్తం పోవచ్చు, జ్వరం ముదిరి ప్రాణం మీదికి రావచ్చు. అంత చేసినా ముక్కలు మిగిలితే మళ్ళీ పెరుగుతాయి. అంతా తెలుగులో చెప్పాను.

"తీయొద్దను అక్కా," అంది. "మా పక్కూరామె కువైట్ నుంచి నడుం మీద కోతతో వచ్చె. గడ్డ తీసినారని చెప్తే యవురూ నమ్మల్యా. కిడ్నీ అమ్ముకునిందనిరి. మొగుడే ఇంట్లోకి రానీల్యా."

నాకు ఒళ్ళు మండింది. "లోకులు పలుగాకులు. వాళ్ళ కోసం చచ్చిపోతావా?" అని అరిచాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, "రెండూ ఉంటే సగం చచ్చినా బతుకుతా" అంది. ఆ మాటే ఇంగ్లీషులో డాక్టరుకు చెప్పాను. ఆయన ఇంకోసారి ఎక్స్‌రే చూసి, సరేనన్నాడు.

మొదటిసారి రాయిలో సగం పైన వచ్చింది. రెండోసారి తర్వాత చలిజ్వరం పట్టుకుంది. మంచం గడగడలాడేంత వణుకు. మామా కుర్చీలో కూర్చుని తస్బీ పూసలు తిప్పుతూ జపం చేస్తూనే ఉంది. నాకు తెలిసిన దేవుళ్ళందరికీ నేనూ మొక్కుకున్నాను. పోతుందనే అనుకున్నాం.

పోలేదు. వీపులోంచి గొట్టం తీసేశాక డాక్టరు కొత్త ఎక్స్‌రే చూపించి, అడుగున ఓ చిన్న ముక్క రాలేదు, నీళ్ళు బాగా తాగాలి, మళ్ళీ మళ్ళీ చూపించుకోవాలి అన్నాడు. ఆమె అడిగింది ఒక్కటే: "కిడ్నీ ఉండాదా?" ఉంది, కొద్దో గొప్పో పని చేస్తూనే ఉంది. చిన్నపిల్లలా నవ్వింది.

అప్పటిదాకా ఇంటికి చెప్పనివ్వలేదు. ఆ రోజు నా మొబైల్ నుంచి భర్తకు ఫోన్ చేయించింది. చేతిలో బలం లేక స్పీకరు పెట్టమంది. రాయి సంగతి, రెండు ఆపరేషన్ల సంగతి అంతా చెప్పింది.

"కిడ్నీకి ఎంతిచ్చినారు?" అన్నాడు.

నోటిదాకా వచ్చిన తిట్టుతో ఫోన్ అందుకోబోయాను. ఆమె ఇవ్వలేదు. "రెండూ ఉండాయి నాకు," అంది గట్టిగా. ఫోన్ కట్ చేసి దిండు మీదికి వాలి కళ్ళు మూసుకుంది. కాసేపటికి, "ఊరికి టికెట్ వద్దని మామాకు చెప్పక్కా" అంది.

ఒళ్ళు కుదుటపడ్డాక పంపుదామని మామా అప్పటికే టికెట్ కొనిపెట్టింది. వద్దంటోందని నా వచ్చీరాని అరబ్బీలో చెప్పాను. ఎందుకు, వాళ్ళాయనేమన్నాడు అని ఆవిడ ఆత్రంగా అడిగింది. అన్ని రోజులూ ఆమె ప్రతి మాటా తర్జుమా చేసి చెప్పినదాన్ని, ఆ ఒక్క మాట చెప్పడానికి నాకు సిగ్గేసింది.