గోళ్లలో రంగు

ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కగానే నా పక్కన ఒకమ్మాయి కూర్చుంది. ఇంకా ఆరని ఆయిల్ పెయింటింగ్‌ను ఎవరికీ అంటకుండా అంచుల దగ్గర పట్టుకుంది.

"నేనూ ఆర్టిస్టునేనమ్మా. తెల్లారకముందే మొదలుపెడితే సాయంత్రం దాకా వేస్తూనే ఉంటాను. వందల బొమ్మలు!" అన్నాను.

ఆమె నా చేతుల వంక చూసింది. "గోర్లల్ల జరంత రంగు గూడ లేదేంది అంకుల్?"

దొరికిపోయాను. రిటైరయ్యాక రంగులన్నీ కొన్నాను గానీ, రోజూ తెల్లటి కాన్వాస్ ముందు కూర్చుంటే చెయ్యి లేవదని ఒప్పుకున్నాను. "వేసింది ఒక్క నిమ్మకాయ. దాన్నీ మా ఆవిడ బంగాళాదుంప అనుకుంది."

ఆమె పకపకా నవ్వింది. "తెల్లగుంటే నాకు గూడ భయమే. మొదట్ల నేనూ గట్లనే కూసుంటుంటి. ఇప్పుడైతే పని బంద్ చేసేటప్పుడు మిగిలిన రంగులన్నీ కలిపి కొత్త కాన్వాస్‌కు పల్చగ పూసి పెడ్త. ఇగ తెల్లగ ఏడుంటది?"

"వేస్తేనే కదమ్మా మిగిలేది? నాకు మిగులెక్కడిది?"

దిల్‌సుఖ్‌నగర్ వచ్చింది. ఆమె లేస్తూ, సంచిలోంచి కుంచెలు తుడిచిన గుడ్డ తీసి నా చేతిలో పెట్టింది. నిన్నటి రంగులతో అది ఇంకా తడిగానే ఉంది.

"గిది నా మిగులు. తీస్కపోండ్రి."

ఇంటికెళ్లి ఆ గుడ్డతో నా కాన్వాస్‌ను పులిమేశాను. అచ్చం మూసీ రంగు వచ్చింది. మర్నాడు పొద్దున దాని ముందు కూర్చుంటే చెయ్యి లేచింది.

ఇప్పటికి నలభై బొమ్మలు పూర్తిచేశాను. సరే, నాలుగు. నమ్మకపోతే నా గోళ్లు చూడండి.