మా బావ వండిన ఎరువు

తోట్లవల్లూరులో మా బావ పోయారని మొన్న ఆదివారం పొద్దున్నే అక్క ఫోన్ చేసింది. "నిద్రలోనే వెళ్లిపోయారే. రాత్రి కూడా వంకాయ కూరకి వంక పెట్టారు" అని, ఏడుస్తూనే నవ్వింది. ఆయన్ని తలుచుకుంటే ఎవరికైనా అంతే.

ఆయన కూరగాయల రైతు. కాయను పాదు నుంచి తెంపి, పంచెకు తుడిచి, అక్కడికక్కడే ఎదుటివాళ్ల చేతిలో పెట్టడం ఆయనకు మహా సరదా. దివిసీమ ఉప్పెన వచ్చిన మరుసటేడు, కార్తీక వనభోజనాలకని బందరు నుంచి మమ్మల్నందరినీ తోటకు పిలిచారు. కీరదోస, ముల్లంగి, కొత్తిమీర పచ్చడి... తిన్నంత తిన్నాం. మర్నాటికి ఇంటిల్లిపాదికీ వాంతులు, విరేచనాలు. మా అమ్మకైతే ఆసుపత్రిలో సెలైను ఎక్కించాల్సి వచ్చింది. బావ వరండాలో బెంచీమీద తల వంచుకు కూర్చున్నారు. కాఫీ ఇచ్చినా ముట్టలేదు.

"పాదులకు ఏం ఎరువేశారండీ?" అని అడిగారు డాక్టరుగారు.

"పచ్చిపేడేనండి. బలమని నీళ్లలో కలిపి పోశాను."

"అందులోని క్రిములే కాయలకు అంటుకుని ఉంటాయి. ఇకమీదట బాగా మాగిన ఎరువే వెయ్యండి."

ఊరెళ్లగానే బావ పని మొదలుపెట్టారు. పేడ, వరిగడ్డి, ఎండాకులు పొరలు పొరలుగా కుప్ప పోశారు. చెయ్యి పెట్టలేనంత వేడెక్కాక తిరగేసి, నీళ్లు చల్లి, మళ్లీ వేడెక్కనిచ్చేవారు. అలా నెలల తరబడి మాగి, నల్లగా పొడిపొడిగా అయి, పేడవాసన పూర్తిగా పోతేగానీ పాదుల్లో వేసేవారు కాదు. "మనం వండుకు తింటూ నేలకి మాత్రం పచ్చిది పెడతామా?" అనేవారు. అక్క అన్నానికి పిలిస్తే, "ఉండవే, నా వంట ఇంకా ఉడకలేదు" అని కుప్ప దగ్గర్నుంచే కేకేసేవారు.

మరుసటి కార్తీకంలో మళ్లీ పిలిచారు. వెళ్లాం గానీ, శుభ్రంగా కడిగి కోసిపెట్టిన కీరదోస ముక్కల వైపు ఎవరూ చూడలేదు. అందరికీ పులిహోరే తెగ నచ్చేసింది. బావ మొహం చిన్నబోయింది.

అమ్మ లేచి నేరుగా ఎరువుకుప్ప దగ్గరకు వెళ్లింది. గుప్పెడు తీసి వాసన చూసింది. చేతులు కడుక్కొచ్చి ఒక ముక్క నోట్లో వేసుకుంది.

"ఉప్పేదీ?" అంది.

"అత్తయ్యగారూ, మీరొద్దులెండి" అన్నారు బావ గాభరాగా.

"ఏడాదంతా మీరు వండింది నేను తినకపోతే ఎవరు తింటారు బాబూ?"

రెండో ముక్కను ఉప్పులో అద్ది ఆయన చేతిలోనే పెట్టింది. ఆసుపత్రి నాటి నుంచి పచ్చికాయ రుచి చూడని మా బావ, పాదు పక్కనే గొంతుక్కూర్చుని, రసం గడ్డం మీదుగా కారుతుంటే, కళ్లు మూసుకుని కరకరా నమిలారు.