పిట్టగోడ మీద చేపల తట్టలు

డెబ్బైల చివర మా విశాఖలో ఆడపిల్ల ఎమ్మెస్సీ చదవాలంటే ముందు ఒక పిట్టగోడ దాటాలి. మా జంతుశాస్త్ర విభాగానికి వెళ్లే ఎగుడు దారి పక్కన ఉండేది ఆ గోడ. మగపిల్లలు రోజూ వచ్చి దాని మీద కూర్చునేవారు. తరగతులు ఎగ్గొట్టినా గోడకి మాత్రం హాజరు తప్పేవారు కాదు. నేను చర్చికి వెళ్లే ఇంటి పిల్లనని తెలిసి, నన్ను చూడగానే ప్రార్థన పాటలు ఎత్తుకునేవారు. నా స్నేహితురాలు జాలరి పిల్ల. ఆమె కనబడితే ముక్కులు మూసుకునేవారు. ఇద్దరం తలలు వంచుకుని, దారిలోని రాళ్లు చూసుకుంటూ నడిచేవాళ్లం.

ఒకనాడు వాళ్లలో ఒకడు ఆమె ఓణీ పట్టి లాగాడు. ఆమె చేతిలోని సీసా కిందపడి పగిలింది. పరిశోధన కోసం సముద్రపు నీళ్లలో తెచ్చుకుంటున్న పీత పిల్లలు మట్టిపాలయ్యాయి. ఆమె ఏడవలేదు. తిన్నగా వెళ్లి ఫిర్యాదు చేసింది.

పెద్దలు ఒక సంఘం వేశారు. ఆడపిల్లల క్షేమం కోసం వేసిన ఆ సంఘంలో ఒక్క ఆడమనిషీ లేదు, బహుశా అదీ క్షేమం కోసమే. నెలల తరబడి బజ్జీలు తిని, కడుపులో చల్ల కదలకుండా తీర్మానించారు. ఆడపిల్లలు మూడింటికల్లా ల్యాబ్ వదిలి ఇళ్లకి పోవాలి. తరగతిలోకి లెక్చరర్ వెనక వరసగా రావాలి. ఓణీలకి పిన్నులు పెట్టుకోవాలి. గోడ మీది వాళ్లకి మాత్రం ఏ పిన్నూ పెట్టలేదు.

ఆ సంఘానికి పెద్ద మా శాఖాధిపతే. "ఆకు వెళ్లి ముల్లు మీద పడ్డా, ముల్లు వచ్చి ఆకు మీద పడ్డా చిరిగేది ఆకే కదమ్మా" అన్నారు కన్నతండ్రిలా. ముల్లుని ఏం చేయాలో ఆ సామెత చెప్పదు. అందుకే మా పెద్దలకి అదంటే అంత ఇష్టం.

నా స్నేహితురాలు మళ్లీ తెచ్చుకున్న పీతలు సాయంత్రం గానీ మేత ముట్టేవి కావు. అవి తినే తీరు చూసి రాయడమే ఆమె ప్రాజెక్టు. అది పూర్తికాకపోతే డిగ్రీ లేదు. వాళ్ల పేటలో అంతదూరం చదివిన మొదటి పిల్ల ఆమె.

"నా పీతలకి మీ తీర్మానం తెలీదు సార్" అంది.

"అయితే మూడింటిలోపు తినే జంతువుని చూసుకో" అన్నారాయన. నాకు ఒళ్లు మండింది. తలుచుకుంటే ఇప్పటికీ మండుతుంది.

ఆమె ఇంటికి వెళ్లి తల్లికి చెప్పింది. తల్లి ప్రొఫెసర్ల క్వార్టర్లలో ఇల్లిల్లూ తిరిగి చేపలమ్మే మనిషి. మర్నాడు అమ్మకం అయ్యాక తోటి ఆడవాళ్లతో ఆ దారికొచ్చి, ఖాళీ తట్టలు పిట్టగోడ మీద దించి, పక్కనే కూర్చుంది. చుట్ట ముట్టించి, నిప్పున్న కొన నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీల్చసాగింది. మగపిల్లలు రాగానే చుట్ట తీసి, పక్కకి జరిగింది.

"రండి బాబూ, కూకోండి. మా పిల్లతో రోజూ ఏటో మాటాడతన్నారంట గదా. మాతోనూ మాటాడండి."

ఎవరూ కూర్చోలేదు. ఓణీ లాగినవాణ్ణి ఆమె తేరిపార చూసింది.

"నువ్వు మూడో వీధి ప్రొపెసరు గారి అబ్బాయివి గదేటి? మీ అమ్మకి వంజరం అంటే ఇష్టం. రేపొద్దున్న ఎలాగూ ఇంటికొత్తాను, నీ సంగతి సెప్తాను."

వాడు మళ్లీ ఆ దారిలో కనబడలేదు. ఆడవాళ్లు మాత్రం రోజూ వచ్చి కూర్చున్నారు. దాంతో సంఘం మళ్లీ కూడింది. ఓణీ సంగతి తేల్చడానికి నెలలు పట్టినవాళ్లు, చేపల కంపు సంగతి బజ్జీలు రాకముందే తేల్చేశారు. విద్యా వాతావరణం చెడిపోతోందట. చేపలమ్మేవాళ్లు ఆవరణలో అడుగు పెట్టకూడదని నోటీసు అంటించారు.

ఆ తల్లి వాదించలేదు. రావద్దన్నారని ఎవరూ రాలేదు, క్వార్టర్లకి కూడా. ఆదివారం శాఖాధిపతిగారి భార్య ఆవరణ గేటు దాకా నడిచొచ్చి, బయట తట్టతో కూర్చున్న ఆ తల్లిని చేపలేవని అడిగింది.

"వద్దని కాయితం అంటించారు గదమ్మా. మూడు దాటితే మా పిల్ల లేబులో ఉండకూడదంట, మా సేపలు అసలే రాకూడదంట. రెండూ బాబుగారే సెప్పారు. ఆయన్నే అడగండి."

ఆ ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలియదు, చూసే భాగ్యం దక్కలేదు. సోమవారానికి రెండు ఆజ్ఞలూ నోటీసు బోర్డు మీద లేవు. ఏడాది చివరి సభలో, తమ సంఘం కృషి వల్లే అల్లరి అణిగిందని శాఖాధిపతిగారు చెప్పుకున్నారు. మేం చప్పట్లు కొట్టాం, చేతులున్నాయి కాబట్టి.

ఆ సోమవారం సాయంత్రం మాత్రం నాకు బాగా గుర్తు. పీతలు మేత తిన్నాయి, ఆమె రాసుకుంది. ఇద్దరం కిందికి వస్తుంటే గోడ ఖాళీగా ఉంది. ఆమె ఎక్కి కూర్చుంది.

"కూకో. ఏటలా నిలబడిపోయావు?" అంది.

అటూ ఇటూ చూసి కూర్చున్నాను. ఎదురుగా సముద్రం, దాని మీద వాళ్ల పేట తెప్పలు. రెండేళ్లుగా ఆ దారిన నడుస్తున్నా, అక్కణ్నుంచి సముద్రం కనబడుతుందని నాకు తెలియదు.